ఒకరికి పాజిటివ్ వచ్చాక ఇంట్లోవాళ్ల పరీక్ష ఎక్కడ ఆగిపోతోంది?

సంపాదకులకు నమస్కారం.

మన పత్రికల్లో హెచ్‌ఐవీ వార్తలు ఎక్కువగా డిసెంబర్ 1, ప్రపంచ ఎయిడ్స్ దినం, దగ్గరపడినప్పుడే కనిపిస్తాయి. ర్యాలీ, ప్రతిజ్ఞ, ఎర్ర రిబ్బన్, జిల్లాలో ఇన్ని కేసులంటూ ఒక పట్టిక. ఆ పట్టిక వెనక జరగాల్సిన ఒక పని గురించి మాత్రం రాసేవారు తక్కువ. ఒకరికి పాజిటివ్ అని తేలాక ఆయన భార్యకో, ఆమె భర్తకో, వాళ్ల పిల్లలకో, వారితో సంబంధం ఉన్న మరొకరికో పరీక్ష జరిగిందా లేదా? బయటపడని కేసులను కనిపెట్టడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఆ దారికి ఎక్కడెక్కడ గండి పడుతోందో రాస్తున్నాం.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం దేశంలో 24 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 3.21 లక్షలు; మహారాష్ట్ర తర్వాత సంఖ్యలో మనదే. 15–49 ఏళ్లవారిలో చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఏ సంతలోనో 150 మందిని ఆపి రక్తం తీస్తే ఒకరు దొరుకుతారు. ఆ ఒక్కరు కూడా చాలాసార్లు ఇప్పటికే మందులు వాడుతున్నవారే అవుతారు. ఇంట్లో ఒకరికి పాజిటివ్ ఉందని తెలిసిన చోట సంగతి వేరు. అక్కడ పరీక్ష చేస్తే కొత్త కేసు దొరికే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే ఒక మాట స్పష్టంగా చెప్పింది: 'మీవాళ్లకు మీరే చెప్పుకోండి' అని వదిలేయకుండా, ఆ వ్యక్తి ఒప్పుకుంటే సిబ్బంది తోడుండి భాగస్వాములను పరీక్షకు రప్పించాలి. అలా తోడున్న చోట, లేని చోటికంటే ఒకటిన్నర రెట్ల మంది భాగస్వాములు పరీక్షకు వచ్చినట్టు ఆ సిఫారసుకు ఆధారమైన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది.

హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష జరిగే మన ఐసీటీసీ కేంద్రాల్లో మొదటి గండి ఒక్క వాక్యం దగ్గరే పడుతోంది: 'మీ ఆవిడను కూడా ఒకసారి తీసుకురండి.' ఫలితం చెప్పిన పది నిమిషాలకే, ఇంకా తేరుకోని మనిషితో ఈ మాట అంటారు. ఆయన తలూపుతాడు. రిజిస్టర్‌లో 'కౌన్సెలింగ్ ఇవ్వబడింది' అని రాసుకుంటారు. ఆవిడ రాదు. ఆ తలూపడానికి అర్థం ఒప్పుకోవడం కాదు, ముందు ఈ గదిలోంచి బయటపడాలన్న తొందర మాత్రమే.

ఈ విషయం ఒక్కసారి అడిగి ఊరుకునేది కాదు. ఫలితం రోజున 'ఇంట్లోవాళ్ల గురించి తర్వాత మాట్లాడుకుందాం, వాళ్లకు ఎలా చెప్పాలో మీరూ మేమూ కలిసే ఆలోచిద్దాం' అంటే చాలు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పేరు నమోదైన రోజు ఒకసారి, మొదటి నెల మందులకు వచ్చినప్పుడు ఒకసారి, ఆరో నెల వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్షప్పుడు మరోసారి అడగాలి. ఆ తర్వాత కూడా జీవితం మారినప్పుడల్లా అడగాలి: పెళ్లి, విడిపోవడం, గర్భం, సుఖవ్యాధి, మందులు ఆపేసి తిరిగి రావడం. మొదటిరోజు 'ఎవరూ లేరు' అన్నవారు మూడోసారికి ముగ్గురి గురించి చెబుతారు. అప్పుడు అబద్ధం చెప్పారని కాదు, ఇప్పుడు నమ్మకం కుదిరిందని.

ప్రశ్న అడిగే తీరు కూడా అంతే ముఖ్యం. 'పెళ్లయిందా?' అని మొదలుపెడితే వితంతువుకు, పెళ్లికాని కుర్రాడికి, మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాడికి, ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లున్నవాడికి అక్కడే తలుపు మూసుకుపోతుంది. 'ఈ ఏడాది కాలంలో మీతో శారీరకంగా కలిసినవాళ్లు ఎవరెవరున్నారు? అంతకుముందు?' అని అడిగి, చూపు కాగితం మీద పెట్టి, కాసేపు మౌనంగా ఉండాలి. ఆ మౌనం భరించలేక కౌన్సెలింగ్ ఇచ్చే కౌన్సిలరే మాట అందుకుంటే పని చెడుతుంది. అసలు పేరే కావాలని పట్టుబట్టనక్కర్లేదు. ముద్దుపేరైనా, 'డాబా దగ్గర పరిచయం' అన్న గుర్తైనా సరిపోతుంది. మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవారైతే సూది పంచుకున్నవారినీ అడగాలి.

ఎంత వెనక్కి వెళ్లాలన్నది సీడీ4 (వైరస్ దెబ్బతీసే రక్షక రక్తకణాల) సంఖ్య కొంత చెబుతుంది. కొత్తగా బయటపడిన మనిషికి సీడీ4 200 లోపుంటే వైరస్ ఒంట్లో చేరి చాలాసార్లు కొన్నేళ్లు అయి ఉంటుంది. అలాంటప్పుడు గత ఏడాది గురించే అడిగితే విడిపోయిన మొదటి భార్యా ఆమె పిల్లలూ లెక్కలోకి రారు. ఆయనకు ఎప్పుడైనా నెగెటివ్ వచ్చిన పరీక్ష ఉందేమో కనుక్కుని, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ఎవరి ఇంటి నుంచి ముందు మొదలుపెట్టాలన్న ప్రశ్న కూడా ఉంది. ఐదేళ్లుగా వైరల్ లోడ్ అదుపులో ఉండి, భాగస్వామికి ఏటా నెగెటివ్ వస్తున్న జంట చుట్టూ తిరిగితే రిజిస్టర్ నిండుతుంది కానీ కొత్త కేసు దొరకదు. మందులు సరిగా వాడి వైరల్ లోడ్ కనిపించని స్థాయికి దిగితే లైంగికంగా సోకదన్నది ఇప్పుడు రుజువైన సంగతి. ఈ నెల కొత్తగా తేలినవారు, వైరల్ లోడ్ వెయ్యి దాటినవారు, మధ్యలో మందు మానేసి తిరిగొచ్చినవారు, సిఫిలిస్ కూడా ఉన్నవారు ముందు. ఉన్న సమయం వీళ్లకు పెట్టాలి.

ఇక కబురు పంపడం. తానే చెబుతానంటే చెప్పనివ్వాలి, కానీ ఏ మాటతో మొదలుపెడతాడో ముందు గదిలో ఒకసారి అనిపించి చూడాలి. తన నోట రాదంటే కౌన్సిలర్ ఎదుట ఇద్దరూ కూర్చుని చెప్పుకోవచ్చు. 'రెండు వారాలు గడువివ్వండి, అప్పటికీ చెప్పలేకపోతే మీరు ఫోన్ చేయండి' అనేవారూ ఉంటారు. ఆ తేదీ రాసుకుని, గడువు దాటాక మళ్లీ ఒకసారి అనుమతి అడిగాకే ఫోన్ చేయాలి. నాలుగో దారి, మొదటి నుంచే కౌన్సిలర్ పిలవడం. ఈ పిలుపు ఎలా ఉండాలో సిబ్బందికి శిక్షణలో బాగా నేర్పాలి. ఎత్తినది ఆ మనిషేనని తేల్చుకున్నాకే నోరు విప్పాలి. మన ఇళ్లలో ఒక ఫోన్ ఇద్దరు ముగ్గురి చేతుల్లో తిరుగుతుంది. కొడుకు ఎత్తవచ్చు, అత్తగారు ఎత్తవచ్చు. వాళ్లకు 'ఆసుపత్రి నుంచి' అని కూడా చెప్పకూడదు. ఆ మనిషే అయితే: 'మీ ఆరోగ్యానికి సంబంధించిన ముఖ్యమైన విషయం, మీతోనే నేరుగా మాట్లాడాలి, ఫలానా రోజు ఫలానా గదికి రండి.' హెచ్‌ఐవీ అన్న మాట ఫోన్‌లో రాకూడదు. వచ్చాక అడిగే మొదటి ప్రశ్న 'నా గురించి ఎవరు చెప్పారు?' అన్నదే. దానికి ఒకటే జవాబు: 'అది చెప్పం. రేపు మీ విషయమూ ఇంకొకరికి ఇలాగే చెప్పం.'

ఇక్కడ ఒక నిజాయితీ కావాలి. ఒక్కరే భాగస్వామి ఉన్న మనిషికి 'మీ పేరు బయటపెట్టం' అన్న హామీ నిలబడదు. ఆ కబురు ఎవరి వల్ల వచ్చిందో అవతలివారికి ఇట్టే తెలిసిపోతుంది. ఆ సంగతి ముందే చెప్పి, అప్పుడు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లాలి.

ఏ కబురైనా పంపేముందు, భాగస్వామి పక్కన లేనప్పుడు, ప్రతి ఒక్కరి గురించీ మూడు ప్రశ్నలు అడగాలి. ఆ మనిషి మిమ్మల్ని ఎప్పుడైనా కొట్టాడా, తన్నాడా? చంపుతాననో, హాని చేస్తాననో బెదిరించాడా? ఇష్టం లేకుండా బలవంతం చేశాడా? ఏ ఒక్కదానికి అవునన్నా అక్కడ ఆగాలి. ఆ పేరు పక్కన ఒక గుర్తు పెట్టి, 181 మహిళా హెల్ప్‌లైన్, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే వన్ స్టాప్ కేంద్రం వివరాలు ఇచ్చి, ఆమె ఏ దారి ఎంచుకుంటే దానికే కట్టుబడాలి. కబురు వెళ్లాక కూడా రెండు వారాల్లో ఒకసారి ఆమెను కనుక్కోవాలి. పరీక్షల సంఖ్య ఒకటి తగ్గినా పరవాలేదు, ఒక మనిషికి దెబ్బలు పడకూడదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం (2017) ఐదో సెక్షన్ ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. ముందూ వెనకా కౌన్సెలింగ్ ఆ సమ్మతిలో భాగం. తొమ్మిదో సెక్షన్ డాక్టరుకు, కౌన్సిలర్‌కు భాగస్వామికి చెప్పే అధికారం ఇచ్చింది కానీ పగ్గం లేకుండా ఇవ్వలేదు. భాగస్వామికి గట్టి ముప్పు ఉండాలి. తానే చెప్పమని ఆ వ్యక్తికి కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి. అయినా చెప్పరని తేలాలి. 'ఇక మేమే చెబుతాం' అని ఆ వ్యక్తికి ముందుగా తెలపాలి. చెప్పడం కూడా ఎదురుగా, కౌన్సెలింగ్‌తోనే. హింస, ఇంట్లోంచి గెంటేయడం వంటివి జరుగుతాయని భయపడే కారణం ఉంటే, ముఖ్యంగా ఆడవాళ్ల విషయంలో, చెప్పనే కూడదు. ఈ చివరి భాగం సిబ్బందిలోనే చాలామందికి సరిగా తెలియదు. ఐసీటీసీ గోడ మీద రాసిపెట్టాల్సింది ఇది.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి పాఠకులందరికీ ఒక మాట. గర్భిణులకు మొదటి నెలల్లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు. భర్తలకు అలా పరీక్ష జరిగే సందర్భం ఏదీ రాదు. అందుకని ఎన్నో ఇళ్లలో ముందు భార్యకే బయటపడుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ ఆమె మీద పడతారు, 'ఇంటికి జబ్బు తెచ్చింది' అని. ముందు ఎవరికి సోకిందో పరీక్ష చెప్పలేదు. ముందు ఎవరికి పరీక్ష జరిగిందో అంతే తెలుస్తుంది. గర్భిణి మొదటిసారి పరీక్షకు వచ్చిన రోజునే భర్తనూ రమ్మంటే, ఫలితం ఏదైనా ఇద్దరికీ కలిపి వస్తే, ఈ నింద సగం పుట్టకముందే పోతుంది.

పరీక్షకు వచ్చినవారిని సూది గుచ్చేముందు అడగాల్సింది ఒకటుంది: 'ముందే ఎక్కడైనా చేయించుకున్నారా? మందులు వాడుతున్నారా?' తెలిసినవాళ్లు చూస్తారని పక్క జిల్లాకు వెళ్లి మందులు తెచ్చుకునేవారు ఉన్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు, భార్యాభర్తలిద్దరూ వేర్వేరు ఊళ్లలో మందులు వాడటమూ జరుగుతుంది. అలాంటివారిని మళ్లీ పరీక్షించి కొత్త కేసుగా రాస్తే లెక్క తప్పు. పైగా మందులు వాడేవారిలో యాంటీబాడీలు (వైరస్‌కు ఎదురుగా ఒళ్లు తయారుచేసుకునేవి, ర్యాపిడ్ కిట్ వెతికేది వీటినే) తగ్గి కిట్ నెగెటివ్ చూపే అవకాశం కొద్దిగా ఉంది. 'నాకు తగ్గిపోయింది' అని మందు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నెగెటివ్ వచ్చిన భాగస్వామిని 'మీకేం లేదు' అని పంపేయడం ఇంకో పొరపాటు. వారం కిందట సోకి ఉంటే కిట్ పట్టదు. మూడు నెలల తర్వాత మళ్లీ చేయాలి, ఆపైన ఆరు నెలలకోసారి రమ్మనాలి, అవతలివారి వైరల్ లోడ్ దిగేదాకా కండోమ్ తప్పనిసరని చెప్పాలి. పాజిటివ్ అని చెప్పాలంటే వేర్వేరు రకాల కిట్లతో మూడు పరీక్షలూ పాజిటివ్ రావాలి. ఒక్క కిట్ చూసి మాట జారకూడదు.

అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టేది పిల్లల సంగతి. రిజిస్టర్‌లో 'కుటుంబ సభ్యుల పరీక్ష: అయింది' అని ఉంటుంది. విప్పి చూస్తే భర్తకు అయింది, పిల్లలకు కాలేదు. లేదా చిన్నదానికి అయింది, పుట్టినప్పుడు తల్లి ఏఆర్‌టీలోనే ఉంది కాబట్టి. ఆమెకు పాజిటివ్ అని తెలియకముందు పుట్టిన పెద్దపిల్లకు ఎవరూ చేయలేదు. 'బాగానే ఉంది కదండీ, బడికి వెళ్తోంది' అంటుంది తల్లి. కాన్పులోనో పాల ద్వారానో సోకిన పిల్లల్లో కొందరు పది పన్నెండేళ్ల దాకా పెద్ద జబ్బు లేకుండానే నెట్టుకొస్తారు. ఎత్తు పెరగకపోవడం, చెవిలో చీము, నోట్లో తెల్లపూత, ఒంటి మీద పొక్కులు, మాటిమాటికీ దగ్గు: వీటికి ఒక్కో డాక్టరు ఒక్కో మందు రాస్తుంటారు. మందు లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి సరిగా మందులు వాడితే ఐదు శాతం లోపు. అంటే తల్లికి తెలియక ముందు పుట్టిన పిల్లలే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారు, పరీక్షకు రానిదీ వాళ్లే.

ఏ పిల్లలకు చేయాలన్న దానికి నియమం తేలిక. తల్లి పాజిటివ్ అయితే ఆమె కన్న పిల్లలందరికీ, 18 ఏళ్ల వరకూ. ఆరోగ్యంగా కనిపించినా సరే. పాజిటివ్ తండ్రి అయితే ముందు తల్లికి చేయాలి. ఆమెకు ఖాయంగా నెగెటివ్ అని తేలి, పాలిచ్చే కాలంలోనూ నెగెటివ్‌గానే ఉంటే పిల్లలకు అక్కర్లేదు. తల్లి చనిపోయినా, ఎక్కడుందో తెలియకపోయినా పిల్లలకు చేయాల్సిందే. ఒక పిల్లకు పాజిటివ్ వస్తే తల్లి, తండ్రి, తోబుట్టువులు అందరూ. అమ్మమ్మ దగ్గర, హాస్టల్లో పెరిగే పిల్లలను మరవకూడదు. బడి పోకుండా ఆదివారమో సెలవుల్లోనో చేసే ఏర్పాటు ఉంటే ఎంతోమంది వస్తారు.

పద్దెనిమిది నెలల లోపు బిడ్డకు మామూలు ర్యాపిడ్ కిట్ తేల్చి చెప్పలేదు, తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఉంటాయి కాబట్టి. ఆరు వారాల టీకా రోజునే మడమ నుంచి రక్తం తీసి, మందపాటి కార్డు మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపాలి. ఇక్కడ పని చెడేది చిన్న చిన్న విషయాల్లోనే. మడమను ముందు గోరువెచ్చని గుడ్డతో వెచ్చబరచకపోతే రక్తం రాదు, పిసికితే ఒంటి నీరు కలుస్తుంది. మొదటి బొట్టు తుడిచేసి, రెండో బొట్టు పెద్దదయ్యాక కార్డు మీది ఒక వలయం మధ్యలో ఒక్కసారే తాకించాలి. చాలలేదని అదే వలయంలో ఇంకో బొట్టు వేస్తే ఆ నమూనా ల్యాబ్ వెనక్కి పంపుతుంది. ఐదు వలయాలూ నిండాక కార్డును అడ్డంగా, దేనికీ తగలకుండా, ఎండలో పెట్టకుండా కనీసం నాలుగు గంటలు ఆరనివ్వాలి. కోస్తాలో వానాకాలం తేమకు ఇంకా ఎక్కువసేపు. మధ్యాహ్నం మూడింటికి తీసి, ఐదింటికి తాళం వేసే తొందరలో పచ్చిగానే సంచిలో పెడితే ఆ బిడ్డ మళ్లీ గుచ్చించుకోవాలి. తల్లి మళ్లీ వస్తుందన్న నమ్మకమూ లేదు. ఆరు వారాలకు నెగెటివ్ వచ్చినా ఆరో నెల, పన్నెండో నెల పరీక్షలు, పద్దెనిమిదో నెలలో తుది పరీక్ష ఉంటాయి. పాలు మాన్పించాక కూడా చేయాలి.

వలస వెళ్లినవాళ్ల గురించి క్లుప్తంగా. హైదరాబాద్, బెంగళూరు, ముంబై వెళ్లిన భర్తలు సంక్రాంతికి, దసరాకు వస్తారు, మూడు రోజులుండి వెళ్తారు. ఆ మూడు రోజులూ ఐసీటీసీకి సెలవు. పండగ మర్నాడు ఒక పూట తెరిచి, ముందు వారంలోనే ఫోన్లు చేసి పెట్టుకుంటే ఏడాది పొడవునా దొరకనివారు దొరుకుతారు. గల్ఫ్‌కు వెళ్లేవారి వైద్య పరీక్షలో హెచ్‌ఐవీ ఉంటే 'అన్‌ఫిట్'. ఆ ఒక్క మాటతో ఊరికి తిరిగొచ్చి, ఎవరికీ చెప్పుకోలేక ఉండిపోయే కుర్రాళ్లను ఏఆర్‌టీకి చేర్చే ఏర్పాటు జగిత్యాల, నిజామాబాద్ వంటి జిల్లాల్లో గట్టిగా ఉండాలి. ఆపరేషన్‌కు ముందు ప్రైవేటు ల్యాబ్‌లో తేలినవారిదీ ఇదే కథ: కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు, భార్య గురించి అడిగేవారే ఉండరు.

చివరగా అధికారులకు. నెలనెలా 'ఒక్కో పాజిటివ్‌కు ఎంతమంది కాంటాక్టులు?' అని అంకె అడిగితే అంకె వస్తుంది. బెదిరించి రాబట్టిన పేర్లు, మళ్లీ మళ్లీ పరీక్షించిన పాత కేసులు దాన్ని నింపుతాయి. 'పేర్లు చెబితేనే మందులు' అనే మాట ఒక్క కేంద్రంలో వినపడినా చుట్టుపక్కల పది ఊళ్లవారు రావడం మానేస్తారు. దానికి బదులు వేరేవి అడగండి. కౌన్సిలర్ గదికి తలుపు ఉందా, లేక పరదానేనా? పక్క బల్ల మీద ల్యాబ్ టెక్నీషియన్‌కు మాటలు వినపడుతున్నాయా? పిలిచేటప్పుడు వరండాలో పేరు కేకవేస్తున్నారా? కౌన్సిలర్ సొంత నంబరు నుంచి ఫోన్ చేయాల్సి వస్తోందా, కేంద్రానికి ఒక ఫోన్ ఇచ్చారా? ఇంటికి వెళ్లాల్సి వస్తే శాఖ పేరున్న జీపులో వెళ్తున్నారా? అదే ఊరి ఆశా కార్యకర్తను పంపుతున్నారా, లేక ఆ ఇంటివారు ఎవరిని కోరుకున్నారో అడిగారా? వారంలో ఒక్క సాయంత్రం ఏడు దాకా కేంద్రం తెరిచి ఉంటుందా? రిజిస్టర్‌లో 'పిల్లలు' అన్న ఒక్క గడికి బదులు ప్రతి బిడ్డకూ పేరు, వయసు, పరీక్ష తేదీ, ఫలితం వేరువేరు గడుల్లో ఉన్నాయా?

చదివేవారిలో ఎవరికైనా తమ ఇంట్లోవాళ్ల గురించి అడగాలనిపిస్తే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పేరు చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ ఐసీటీసీలో పరీక్షకు డబ్బు కట్టనక్కర్లేదు, ఏఆర్‌టీ మందులకూ అంతే. ఏఆర్‌టీ వాడుతున్న తల్లులు ఈసారి మందులకు వెళ్లినప్పుడు పెద్దబిడ్డకు పరీక్ష అయిందో లేదో కార్డు తీయించి చూడండి.

— ఐసీటీసీ, ఏఆర్‌టీ కేంద్రాల్లో పనిచేసే కొందరు కౌన్సిలర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు